డయాలసిస్ మీద ఉంటూ మళ్లీ డ్యూటీలో చేరాలంటే

అక్కా, ఎనిమిది నెలల తర్వాత ప్యాకింగ్ సెక్షన్‌కి వెళ్తే "ఫుల్ షిఫ్ట్ చేస్తేనే రా, లేదా రిజైన్ చెయ్" అన్నారని రాశావు కదా. రాజీనామా మాత్రం రాయకు. నీకు ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) ఉంది. సిక్‌నెస్ బెనిఫిట్ (జబ్బు సెలవులో ఈఎస్ఐ ఇచ్చే డబ్బు) తీసుకుంటున్న రోజుల్లో ఉద్యోగంలోంచి తీసేయకూడదని పాత ఈఎస్ఐ చట్టంలో 73వ సెక్షన్ చెప్పేది, ఇప్పుడు ఎలా ఉందో కనుక్కో. ఆ బెనిఫిట్ ఇచ్చే 91 రోజులు దాటినా, కిడ్నీ వైఫల్యానికి జీతంలో 80 శాతం దాకా పొడిగింపు ఉంది. రెండేళ్ల సర్వీసు ఉండాలి. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో అడుగు.

అసలు కిటుకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ఉంది. డాక్టరు "ఫిట్" అని ఒక్క ముక్క రాసిచ్చేస్తే మన పని గోవిందా. ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేత్తో బరువులు ఎత్తకూడదు, వారానికి మూడుసార్లు డయాలసిస్, నైట్ షిఫ్ట్ వద్దు అని విడివిడిగా రాయించుకో. నేను రాయించుకోలేదు. అట్టపెట్టెలు మోసి, చెయ్యి వాచి, మళ్లీ పది రోజులు ఇంట్లో కూర్చున్నా.

దాంతోపాటు, మొదటి నెల సగం షిఫ్ట్ ఇమ్మని అర్జీ పెట్టి, జిరాక్స్ మీద ముట్టినట్టు సంతకం తీసుకో. నోటిమాట నమ్మకు.

డయాలసిస్ సెంటర్‌లో సాయంత్రం స్లాట్ అడిగి చూడు. నాలుగు గంటలు పోయినా, ఆ నీరసం రాత్రి నిద్రతో తీరుతుంది, నాకైతే అంతే. క్యాంటీన్ టీలు కూడా డాక్టరు రోజుకి ఇంతే తాగమన్న నీళ్ల లెక్కలోకే వస్తాయి సుమా!