బెజ్జాల రాయి చదివితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది వికారాబాద్ దగ్గర పల్లె. హైదరాబాద్‌లో బీఎస్సీ (జియాలజీ, కెమిస్ట్రీ, మ్యాథ్స్) చివరి సంవత్సరం చదువుతున్నాను. ఐస్‌లాండ్‌లో కార్బన్ డయాక్సైడ్‌ను అగ్నిపర్వత శిలల్లోకి పంపి రాయిగా మారుస్తున్నారని మా సార్ చెప్పారు. మా ఊరి రాయి కూడా ఆ జాతిదేనట. ఈ రంగంలోకి వెళ్లాలంటే ఏం చదవాలి సార్? నాన్న మాత్రం గ్రూప్స్‌కు ప్రిపేర్ కమ్మంటున్నారు.

జవాబు: ముందే చెప్పేస్తానమ్మా, తర్వాత నన్ను తిట్టుకోకూడదు. ఈ పని పేరుతో మన దగ్గర ఇవాళ నోటిఫికేషన్లు పడవు. మీ నాన్నగారి భయం అంతవరకు నిజమే. కానీ ఆ పని చేసేవాళ్ల చేతిలో ఉన్న విద్య వేరే పేర్లతో ఎప్పటినుంచో జీతాలిస్తోంది. రాయిలో ఖాళీ ఎంత, అందులో నీరు ఎటు పోతుంది, పోతూ పోతూ రాయిని ఏం చేస్తుంది అన్నదే ఆ విద్య. భూగర్భ జలాల వాళ్లకూ, చమురు వాళ్లకూ కావలసింది ఇదే.

ఐస్‌లాండ్‌లో హెల్లిషెయిది భూతాప విద్యుత్ కేంద్రం దగ్గర 2012లో కార్బ్‌ఫిక్స్ బృందం ఈ వాయువును నీటిలో కరిగించి బసాల్టులోకి, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయిలోకి పంపింది. సోడాలాంటి ఆ ఆమ్లపు నీరు రాయిలోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుములను కరిగిస్తుంది. వాటితో కలిసి వాయువు కార్బొనేటు ఖనిజంగా గడ్డకడుతుంది. రెండేళ్లలోపే 95 శాతానికి పైగా అలా రాయిగా మారిందని 2016లో తేల్చారు. చిక్కల్లా నీటితోనే. టన్ను వాయువుకు సుమారు 25 టన్నుల నీళ్లు కావాలి. మన మెట్ట జిల్లాల్లో ఆ మాట అంటే రైతులు ఊరుకుంటారా? అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, వల్లులా దగ్గర 2013లో నీరు కలపకుండానే, అధిక పీడనంలో సుమారు వెయ్యి టన్నులు పంపారు. రెండేళ్ల తర్వాత తీసిన రాతి నమూనాల్లో కార్బొనేటు కనిపించింది.

ఇక మీ ఊరి రాయి. అది దక్కన్ బసాల్టే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. అయితే మీది ఆ లావా విస్తరించిన ప్రాంతానికి అంచు, అక్కడ పొరలు పలచన. మహారాష్ట్రలో కొయ్నా దగ్గర అదే రాయి సుమారు కిలోమీటరు మందం ఉంటుంది. కాబట్టి మీ ఊరి కింద వాయువు దాచే పథకం వస్తుందని ఆశ పెట్టుకోకండి. నేర్చుకోవడానికి మాత్రం అంతకంటే మంచి ల్యాబ్ దొరకదు.

లావా పారి చల్లబడేటప్పుడు బుడగలు పైకి చేరతాయి. అందుకే ప్రతి పొరకూ పైభాగం బెజ్జాలమయం, నడిమి భాగం గట్టి. వాయువు చేరేది బెజ్జాల భాగంలో, దాన్ని పైకి రాకుండా ఆపే మూత ఆ పైనున్న గట్టి రాయి. ఇక్కడే విద్యార్థులు పొరబడతారు. బెజ్జాలు కనబడగానే సంబరపడతారు. మడమలు రుద్దుకునే ప్యూమిస్ రాయి చూడండి, ఒంటినిండా బెజ్జాలే, అయినా నీటిపై తేలుతుంది. లోపలి గదుల్లో కొన్నింటికి తలుపులు లేవు, చాలావాటికి ఉన్నా అవి సన్నవి కాబట్టి గాలి లోపలే చిక్కుకుపోతుంది. దక్కన్ రాయిలోనైతే చాలా బెజ్జాలను జియోలైట్లు, కాల్సైటు అనే ఖనిజాలు ఎప్పుడో పూడ్చేశాయి. చూడ్డానికి అందమే, వాయువుకు మాత్రం చోటు లేదు.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ పొలం గట్టున బెజ్జాల రాయి ముక్క తీసుకుని, ఎండబెట్టి తూచండి. రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, నీటిలో వేలాడదీసి ఒకసారి, బయటికి తీసి తుడిచి ఒకసారి తూచండి. తుడిచిన తూకంలోంచి ఎండు తూకం తీసేసి, వచ్చినదాన్ని తుడిచిన తూకానికీ వేలాడిన తూకానికీ ఉన్న తేడాతో భాగిస్తే, నీరు చేరగలిగిన ఖాళీ ఎంతో తెలుస్తుంది. అదే రాయిని పొడిచేసి సాంద్రత కొలిస్తే మొత్తం ఖాళీ తెలుస్తుంది. రెండింటికీ మధ్య తేడా తలుపులు లేని గదులది. పెద్ద ల్యాబుల్లో హీలియంతో, సీటీ స్కాన్‌తో ఇదే పని మరింత నిక్కచ్చిగా చేస్తారు.

చదువు విషయానికొస్తే, ఎంఎస్సీ తప్పదు. ఐఐటీల కోసం జామ్ పరీక్షలో జియాలజీ పేపర్ రాయండి. ఉస్మానియా, ఆంధ్రా, తిరుపతి ఎస్వీ విశ్వవిద్యాలయాలకూ దరఖాస్తు చేయండి. ఎంఎస్సీ ప్రాజెక్టు ఎవరి దగ్గర, దేనిమీద చేశారన్నది కాలేజీ పేరుకంటే ఎక్కువ లెక్కలోకి వస్తుందని నా నమ్మకం. ఉప్పల్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) మీకు సిటీ బస్సు దూరం, దక్కన్ బసాల్టులో ఈ నిల్వ గురించి వాళ్లు ఇదివరకే పరిశోధించారు. కెమిస్ట్రీని డిగ్రీతో వదిలేయకండి. రాయి మాత్రమే తెలిసినవాళ్లు, రసాయనం మాత్రమే తెలిసినవాళ్లు బోలెడుమంది, రెండూ కలిపి చెప్పగలవాళ్లే తక్కువ.

నాన్నగారికి ఇలా చెప్పండి: ఎంఎస్సీ అయ్యాక యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయవచ్చు, జియలాజికల్ సర్వేలోనూ కేంద్ర భూగర్భ జల బోర్డులోనూ గెజిటెడ్ ఉద్యోగాలు దాని ద్వారానే వస్తాయి. గ్రూప్స్ కోరుకునేవారికి ఈ మాట నచ్చుతుంది. ఆ పైన సీఎస్‌ఐఆర్ నెట్, పీహెచ్‌డీ అనేవి మీరు రెండేళ్లు ల్యాబులో కూర్చుని, విసుగు రాలేదని తేలాక ఆలోచించాల్సినవి.