బ్విండిలో గొరిల్లాలు బూడిద రంగులో, మసకగా ఎందుకు వస్తున్నాయి

ఉగాండాలోని బ్విండి అడవిలో మొదటి ట్రెక్కులో తీసిన గొరిల్లా ఫోటోలు బూడిద రంగులో, మసకగా వచ్చాయని, లెన్సు పాడైందేమోనని అడిగారు. మీ లెన్సు బాగానే ఉంది; పొరపాటు కెమెరా వెలుతురును కొలిచిన తీరులో ఉంది. ఫ్రేము నిండా నల్లటి బొచ్చు కనిపిస్తే, కెమెరా దాన్ని చీకటిగా భావించి బొమ్మను మరీ తెల్లగా చేస్తుంది. అందుకోసం షట్టర్‌ను నెమ్మదింపజేస్తుంది. బూడిద రంగు, కదిలిన మసక రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

ఎల్లుండి రెండో ట్రెక్కులో ఇలా చేయండి:

1. షట్టర్ వేగం 1/250 సెకను కంటే నెమ్మదించనివ్వకండి. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) ఆటోలో ఉంచి 6400 వరకు వెళ్లనివ్వండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా లెక్కకట్టిన వెలుతురును మనం పెంచే, తగ్గించే అమరిక) మైనస్ 1కి తిప్పండి. మొదటి ఫోటో తీయగానే హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూడండి. గొరిల్లా వెనక ఆకుల సందుల్లో తెల్లటి ఆకాశం ఉంటే లెక్క తిరగబడుతుంది: కెమెరా ఆ వెలుతురు చూసి గొరిల్లాను మరీ నల్లగా చేస్తుంది. అప్పుడు మైనస్ తీసేసి ప్లస్ వైపు వెళ్లాలి. గొరిల్లా చోటు మారినప్పుడల్లా ఇది మళ్లీ చూసుకోవాలి. పూర్తి మాన్యువల్‌లో ఐఎస్ఓ కూడా మీరే పెడితే ఈ సవరణ పనిచేయదు.

3. ఫోకస్‌కు ఒకే బిందువు ఎంచుకోండి. నల్లటి ఛాతీ మీద అది పట్టు దొరకక తడుముకుంటుంది. కనుబొమల అంచు మీద పెట్టండి.

4. ఫ్లాష్ నిషేధం. ముందే ఆపేయండి.

గొరిల్లాల దగ్గర ఉండనిచ్చేది ఒక్క గంటే. కాబట్టి ఈ అమరికలన్నీ ఈ రోజే బసలో ఏదైనా నల్లటి కోటు మీద సాధన చేయండి.