ట్యాంకులు రాని క్లైమాక్స్

ప్రశ్న: ‘ద క్రిమేటర్’ అనే పాత చెక్ హారర్ సినిమాకి ప్రభుత్వం భయపడి తీయించేసిన క్లైమాక్స్ ఒకటుందని విన్నాను. ఒకాయన ‘పూర్తి వెర్షన్’ అంటూ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి 600 రూపాయలు తీసుకున్నాడు. రష్యన్ ట్యాంకులు ఎక్కడా రాలేదు. అసలు ముక్క ఎక్కడ దొరుకుతుంది?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: రావండీ. మీ 600 గోవిందా. నేనూ ఇలాగే మోసపోయాను, కాకపోతే నాది వీసీడీల కాలం.

అయినా మీ చేతికొచ్చింది తక్కువదేం కాదు. కాటికాపరి అనగానే మనకి హరిశ్చంద్రుడూ, పద్యాలూ గుర్తొస్తాయి. ప్రాగ్‌లో శవాలు కాల్చే ఈ కొప్ఫర్‌కింగల్ ఏడవడు. మెత్తగా మాట్లాడతాడు, మందూ సిగరెట్టూ ముట్టడు. శవానికి తల దువ్వి, అదే దువ్వెనతో తన తలా దువ్వుకుంటాడు. తర్వాత చేసే హత్యలకన్నా నాకు ఆ దువ్వెనంటేనే భయం. చివర్లో నాజీల కారెక్కి, లోకాన్నంతా బాధల్నుంచి విడిపిస్తానంటాడు. మీరు చూసిన ముగింపు అదే.

దర్శకుడు యురాయ్ హెర్జ్ చిన్నప్పుడు స్వయంగా నాజీ క్యాంపుల్లో ఖైదీగా ఉన్నవాడు. 1968 ఆగస్టులో, అక్కడి సంస్కరణల్ని అణచడానికి సోవియట్ ట్యాంకులు ప్రాగ్‌లోకి వచ్చేసరికి షూటింగ్ ఇంకా పూర్తి కాలేదు. దాంతో ఆయన ఇంకో ముగింపు తీశాడు. క్రిమటోరియంలో పనిచేసిన ఇద్దరు కాఫీ హోటల్లో కూర్చుని, ఎంత మంచివాడో, ఏమైపోయాడో అని కొప్ఫర్‌కింగల్ గురించే మాట్లాడుకుంటూ ఉంటారు. తర్వాత తూటాలతో చిల్లులు పడ్డ నేషనల్ మ్యూజియం, ఏడుస్తున్న జనం. ఆ జనం మధ్య కొప్ఫర్‌కింగల్, నవ్వుతూ! అంటే నాజీలు పోయినా ఇతనికి పని పోలేదన్నమాట. స్టూడియో పెద్దలకి ఆ నవ్వు అర్థమైంది, ముక్క తీసేయించారు.

మిగతా సినిమా 1969లో విడుదలైంది. కొన్నేళ్లకే దాన్నీ థియేటర్లలోంచి తీసేశారు. 1989లో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం కూలాక సినిమా బయటికొచ్చింది కానీ ఆ ముక్క రాలేదు. హెర్జ్ 2018లో పోయారు. దాన్ని నాశనం చేసే ఉంటారని నా అనుమానం.

ఈసారి ఎవరైనా ‘ఫుల్ వెర్షన్’ అంటే, డబ్బు తీయకముందే మ్యూజియం షాట్ చూపించమనండి. పెన్‌డ్రైవ్ మాత్రం తిరిగివ్వకండి, 600లో అదైనా మిగిలింది.