సభల్లో ఏడుస్తాను, వారం తిరక్కుండానే చల్లారిపోతాను. నాది నిజమైన మారుమనస్సేనా?

బాప్తిస్మం తీసుకుని కొన్నేళ్లయిందన్నారు. ఉజ్జీవ సభలకు వెళ్లినప్పుడల్లా ఏడ్చి ఒప్పుకుంటున్నానని, నాలుగు రోజులకే పాత కోపం, పాత అబద్ధాలు తిరిగొస్తున్నాయని రాశారు. నాకు తెలిసినంతలో చెబుతాను.

నేను గుంటూరు జిల్లాలో లూథరన్ కుటుంబంలో పెరిగాను. మా చర్చిలో కన్నీళ్లు తక్కువ, ఆరాధన క్రమం ఎక్కువ. అలాగని సభలంటే నాకు చిన్నచూపు లేదు. చదువుకునే రోజుల్లో పందిళ్ల కింద పట్టాల మీద కూర్చుని ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. అయితే మన తప్పుల విషయంలో మెలకువగా ఉండటం అంటే ఏమిటో నేను చూసింది సభల్లో కాదు, మా అమ్మమ్మ దగ్గర.

సంస్కారం (ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చే ఆదివారానికి ముందు, శనివారం సాయంత్రం ఆవిడ వీధిలోకి బయల్దేరేది. కొట్టు బాకీ ఉంటే ఉన్నంతలో కట్టేది. ఎవరితోనైనా మాట తేడా వస్తే వాళ్ల గుమ్మం ముందు నిలబడి, "వదినా, మొన్న కుళాయి దగ్గర నేనన్న మాట తప్పు" అనేది. ఒకావిడ మొహం మీదే తలుపేసింది. "తప్పు ఆవిడదే కదా అమ్మమ్మా, నువ్వెందుకెళ్లావు?" అంటే, "ఆవిడది ఆవిడ చూసుకుంటుందిలేరా, నాది నేను చెప్పి వచ్చా" అంది. అర్పణను బలిపీఠం ముందే విడిచి, మొదట సహోదరునితో సమాధానపడమన్న మత్తయి 5వ అధ్యాయం ఆవిడ చదవలేదు, చదువు రాదు. గుడిలో విన్నది చేసేది, అంతే.

మీ ప్రార్థనలో "తెలిసీ తెలియక చేసిన పాపములు" అని మూటగట్టి ఒప్పుకోవడం మానెయ్యండి. ఇవాళ ఎవరిని ఏమన్నారు, ఎవరి కష్టాన్ని మీదని చెప్పుకున్నారు, అది చెప్పండి. చెప్పాక మర్నాడు దిద్దుకోగలిగింది దిద్దుకోండి. యొర్దాను దగ్గర "మేమేమి చేయవలెను" అని అడిగినవాళ్లకు బాప్తిస్మమిచ్చే యోహాను ఇచ్చిన జవాబులు చూడండి (లూకా 3). సుంకరులతో, అంటే పన్ను వసూలు చేసేవాళ్లతో, నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, సైనికులతో జీతంతో తృప్తిపడమన్నాడు. ఇంకా ఏడవమని ఎవరికీ చెప్పలేదు.

దిద్దుకోవడమే మొత్తం సంగతి అనుకుంటే మాత్రం ఇంకో గోతిలో పడతాం. యేసును పట్టించిన ఇస్కరియోతు యూదా, అందుకు తీసుకున్న 30 వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు. తప్పు చేశానని నోటితో ఒప్పుకున్నాడు కూడా. కానీ వెళ్లింది ప్రధానయాజకుల దగ్గరికి. వాళ్లు "దానితో మాకేమి, నువ్వే చూసుకో" అన్నట్టు తోలేశారు. పేతురు కూడా వెక్కివెక్కి ఏడ్చాడు, యేసును మూడుసార్లు ఎరగనన్నవాడు. తర్వాత ఒడ్డున ఉన్నది ప్రభువని తెలియగానే పడవ ఆగేదాకా ఉండలేక సముద్రంలో దూకి ఆయన దగ్గరికే పోయాడు. మీరు పడిపోయిన ప్రతిసారీ ముందు చూసుకోవాల్సింది ఇదే: నేను ఆయన వైపు పోతున్నానా, ఆయన నుంచి పారిపోతున్నానా?

మళ్లీ మళ్లీ పశ్చాత్తాపపడాల్సి రావడం వల్ల మీది అబద్ధమని అనుకోకండి. మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1517లో రాసిన 95 వాదాల్లో మొదటిదే, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపంగా ఉండాలని. 1529 నాటి ఆయన చిన్న కాటెకిజంలో (విశ్వాస పాఠాల ప్రశ్నోత్తరాల పుస్తకం) బాప్తిస్మం గురించిన భాగం చూడండి. మనలోని పాత ఆదామును, అంటే పాత పాప స్వభావాన్ని, రోజూ పశ్చాత్తాపంతో ముంచి చంపాలంటాడు. కన్ఫర్మేషన్ క్లాసులో బట్టీపట్టి అప్పజెప్పాం గానీ ఆ "రోజూ" ఎంత పెద్ద ఊరటో అప్పుడు తెలియలేదు.

నా అనుభవంలో అన్నిటికంటే గాఢమైన నిద్ర సంఘం పనుల్లోనే పడుతుంది. క్వయర్, కమిటీ, క్రిస్మస్ చందాలు, రోజంతా గుడిలోనే ఉంటాం, మోకాళ్ల మీద ఐదు నిమిషాలుండం. ప్రకటన గ్రంథంలో సార్దీసు అనే ఊరి సంఘానికి "జీవించుచున్నావన్న పేరు మాత్రమున్నది" అని రాయించిన ప్రభువు, వెంటనే జాగరూకుడవై ఉండమన్నాడు. ఆ ఊరి కోట నిట్రమైన కొండ మీద ఉండేది. ఎవరూ ఎక్కలేరని కాపలా పెట్టని వైపు నుంచే క్రీ.పూ. 6వ శతాబ్దంలో పారసీక రాజు కోరెషు సైన్యం, 3వ శతాబ్దంలో గ్రీకు రాజు మూడో అంతియొకసు సైన్యం ఎక్కి వచ్చాయి. మీరు రాసిన కోపం, అబద్ధాల మీద మీకు ఎలాగూ కన్నుంది. నాకు ఆ బలహీనత లేదని మీరనుకునే చోట కూడా కాస్త వెతకండి.

ఒక్కరే మొయ్యకండి. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16లో ఉంది. అలాగని కుటుంబ కూడికలో లేచి చెప్పకండి, తెల్లారేసరికి పేటంతా తెలుస్తుంది. నోరు కట్టుకోగల పెద్దవారినొకరిని, మీరు మగవారైతే మగవారిని, ఆడవారైతే ఆడవారిని, ఎంచుకోండి. నెలకోసారి కూర్చుని పేరుపెట్టి అడగమనండి. క్షమాపణ ఉందని ఎంత చదివినా నమ్మకం కలగక, నిద్రా తిండీ పోయేంతగా ఆ అపరాధ భావం పట్టుకుంటే, పాస్టరు గారితో పాటు డాక్టరుకు కూడా చెప్పండి.