విలాండ్రీ తోట కావలిలో కుదురుతుందా?

ప్రశ్న: మా అబ్బాయి పోయినేడు ఫ్రాన్స్‌లో విలాండ్రీ కోట తోట చూపించాడు. పొట్టి పచ్చ కంచెల మధ్య కూరగాయల్నే రంగులు చూసుకుని ముగ్గేసినట్టు నాటారు. మా అత్తగారింటి వెనక 15 సెంట్ల పాత తోట ఉంది, బావీ రాతి కాలవలూ ముళ్లకంపలో పూడిపోయాయి. దాన్ని అలా చేయించాలని ఆశ. ఆ కంచె మొక్క ఇక్కడ బతుకుతుందా? ఎప్పుడు నాటాలి?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఆ కంచె బాక్స్‌వుడ్ అమ్మా, చలిదేశాల మొక్క. మన రోహిణి కార్తెకి ఆగదు, డబ్బు దండగ. గోరింట పెట్టండి. కొమ్మ గుచ్చినా వస్తుంది, నీళ్లు కాస్త ఉప్పగా ఉన్నా తట్టుకుంటుంది, కత్తిరించేకొద్దీ గుబురవుతుంది. మోకాలెత్తు దాటనివ్వకండి, అంతే.

ఆ తోట కూడా ఒకప్పుడు పోయిందే. 16వ శతాబ్దంలో కట్టిన కోట అది, తర్వాతి కాలంలో తోట తీసేసి ఇంగ్లిష్ తరహా పార్కు చేసేశారు. 1906లో కొన్న జోకిమ్ కార్వాల్యో అనే స్పెయిన్ దేశస్థుడు పునరుజ్జీవన కాలపు పద్ధతిలో మళ్లీ వేయించాడు. మీకు పాత కాలవలు ఇంకా ఉన్నాయి, అదృష్టం. కాబట్టి ముందు జేసీబీని మాత్రం పిలవకండి (ఒక్క పూటలో చదును చేసేసి బిల్లు చేతిలో పెడతారు), ఇద్దరు కూలీలతో కంప కొట్టించి, పారలతో మెల్లగా మట్టి తీయించి, కాలవ ఎటు పోతుందో చూసి ఆ గీతల మీదే మళ్లు కట్టించండి.

ఇక నాట్లు. విలాండ్రీలో తొమ్మిది చతురస్రాల్లో ఏడాదికి రెండుసార్లు నాటుతారు, మార్చిలో ఒకటి, జూన్‌లో ఒకటి, రెండోది నవంబరు దాకా ఉంటుంది. ఆ లెక్క మనకి పనికిరాదు, మనకి వానలో సగం పైన అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది, తుపాన్లూ అప్పుడే. జూన్ చివర్లో బావి నీళ్లతో బెండ, గోరుచిక్కుడు, ఎర్ర తోటకూర వేయండి. అక్టోబరులో వంగ, టమాటా, ఎర్ర క్యాబేజీ నారు నీడన పోసుకుని, ముసురు తగ్గాక నవంబరు చివర్లో నాటండి, బీట్‌రూట్ విత్తనం కూడా అప్పుడే. ఏప్రిల్, మేల్లో మళ్లు ఖాళీగా వదిలి వరిగడ్డి కప్పండి. వంగ, టమాటా, మిరప ఒకే కుటుంబం, ఒకటి ఉన్న మడిలో మరుసటేడు ఇంకోటి పెడితే తెగుళ్లు పోవు. విలాండ్రీలోనూ ఇందుకే మళ్లు మారుస్తారు.

తొమ్మిది మళ్లూ ఒకేసారి ఎత్తుకోకండి. అక్కడ జీతగాళ్లైన తోటమాలుల జట్టే ఉంది. మీరు ఈ ఏడు బావి దగ్గరి రెండు మళ్లు చాలు, అదీ ఉప్పు ఎంతుందో బావి నీళ్లు ఒక సీసాడు పరీక్ష చేయించాకే.