అన్నపూర్ణ కొండల్లో నడకకు ఈఎంఐ ఎందుకు?

ప్రశ్న: నాకు 54 ఏళ్లు. ఓ ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని చేస్తున్నాను, జీతం చేతికి 58,000 వస్తుంది. మావారికి 61, రిటైరయ్యారు, పింఛను 31,000. ఇంటి లోన్ తీరిపోయింది. నెల ఖర్చు 55,000 దాకా అవుతుంది. దీపావళి వెళ్లాక నేపాల్‌లోని అన్నపూర్ణ కొండల పల్లెల్లో గైడ్‌తో ఆరు రోజులు నడవాలని మా ఇద్దరికీ కోరిక. ఓ ట్రావెల్స్ వాళ్లు ఇద్దరికీ 2,10,000 చెప్పారు. నెలకు 18,900 చొప్పున 12 ఈఎంఐలు కట్టొచ్చట, వడ్డీ 8 శాతమేనట. నాలుగు లక్షల ఎఫ్‌డీ ఉంది కానీ మావారు దాన్ని కదపొద్దంటున్నారు. ఆయనకు బీపీ ఉంది. గైడ్‌ను మానేస్తే ఖర్చు తగ్గుతుందా? అసలు ఈ వయసులో ఇంత ఖర్చు అవసరమా? దీపావళికి ఇంకా తొమ్మిది నెలలుంది.
- ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అప్పు లేని ఇల్లు, నెలకు 34,000 మిగులు, మోకాళ్లు ఇంకా మాట వింటున్న వయసు. వెళ్లండి. పదేళ్ల తర్వాత డబ్బు ఇంకా ఉండొచ్చు, అక్కడి ఉల్లేరి ఊరి రాతి మెట్లు ఎక్కే ఓపిక ఉంటుందని మాత్రం నేను చెప్పలేను.

ఇక ఈఎంఐ. 18,900ను 12తో హెచ్చవేస్తే 2,26,800. అంటే అసలు మీద 16,800 అదనం. 2,10,000కు అది 8 శాతమే, వాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ మీరు నెలనెలా అసలు తీరుస్తూనే ఉంటారు కదా, వడ్డీ మాత్రం మొదటి రోజు అప్పు మీదే లెక్క కట్టారు. తగ్గే బాకీ మీద లెక్క వేస్తే అది ఏడాదికి 14 శాతం పైమాటే. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే.

ఇప్పుడు మీరు మానేద్దామనుకున్న గైడ్ సంగతి. ఆ దారుల్లో గైడ్‌కు మామూలుగా రోజుకు 25 నుంచి 35 డాలర్లు, మన రూపాయల్లో రెండు నుంచి మూడు వేలు. ఆరు రోజులకు 12 నుంచి 18 వేలు. ఈఎంఐ వడ్డీకి దీనికి పెద్ద తేడా లేదు చూడండి. దారి చూపించే మనిషిని మానేసి ఆ డబ్బు ఫైనాన్స్ కంపెనీకి కడతానంటే నేను ఒప్పుకోను. పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కర్లు గైడ్ లేకుండా వెళ్లకూడదని నేపాల్ టూరిజం బోర్డు నిబంధన పెట్టింది. అన్ని దారుల్లోనూ గట్టిగా అమలు కావడం లేదని అంటారు, కానీ దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేసుకోకండి. బీపీ ఉన్న మనిషితో వెళ్తున్నారు, గైడ్‌తో పాటు సామాను మోసే పోర్టర్‌ను కూడా పెట్టుకోండి. వాళ్ల బీమా ఎవరు కడుతున్నారో కూడా అడగండి.

ఎఫ్‌డీ విషయంలో మీవారి మాటే నాదీ. ముందే తీస్తే బ్యాంకులు మామూలుగా అర శాతం నుంచి ఒక శాతం దాకా పెనాల్టీ వేస్తాయి. నిజానికి ఈఎంఐ వడ్డీ కంటే ఆ నష్టమే తక్కువ. కానీ 61 ఏళ్ల మనిషికి అత్యవసరమైతే మీ దగ్గర ఉన్న నాలుగు లక్షలు అవే. దాన్ని అలాగే ఉంచి, ఈ నెలే రెండు ఆర్‌డీలు (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్లు) మొదలుపెట్టండి. ఒకటి నెలకు 10,000, ఆరు నెలలకు. అది చేతికి రాగానే విమాన టికెట్లు కొనండి. రెండోది నెలకు 8,500, తొమ్మిది నెలలకు. రెండూ కలిపి 1,36,500, వడ్డీ 6.5 శాతం అనుకుంటే ఇంకో మూడు వేల దాకా వస్తుంది. మొదటి ఆరు నెలలు నెలకు 18,500 కట్టాలి. ఈఎంఐ కింద ఏడాది పాటు కట్టడానికి మీరు ఒప్పుకున్నది ఇంతకంటే ఎక్కువే.

2,10,000 ఎక్కడ, 1,39,000 ఎక్కడ అంటారా? టికెట్లు మీరే కొని, నేపాల్‌లో రిజిస్టరైన ట్రెకింగ్ ఏజెన్సీతో నేరుగా గైడ్‌ను మాట్లాడుకుంటే నా లెక్క ఇలా వచ్చింది: విజయవాడ నుంచి ఢిల్లీ మీదుగా ఖాట్మండు రానుపోను ఇద్దరికీ 60,000, గైడ్, పోర్టర్లకు టిప్పులతో కలిపి 36,000, కొండల్లో బస, భోజనం 18,000, పోఖరా, ఖాట్మండుల్లో హోటల్ 12,000, బస్సు, జీపు 6,000, పర్మిట్లు, బీమా 5,000. మొత్తం 1,37,000. నేపాల్ రూపాయి 1993 నుంచి మన 100కు వాళ్ల 160 అన్న లెక్కలోనే ఉంది కాబట్టి డాలర్ పెరిగిందన్న టెన్షన్ లేదు. ఏజెన్సీ డాలర్లలో రేటు చెబితే రూపాయల్లో చెప్పమనండి. అన్నపూర్ణ ప్రాంతంలోకి వెళ్లే పర్మిట్ సార్క్ (మనతో సహా దక్షిణాసియా) దేశాల వాళ్లకు వెయ్యి నేపాలీ రూపాయలు, అంటే మనకు 625. మిగతా విదేశీయులకు 3,000. మీ కొటేషన్‌లో ఏది వేశారో చూడండి.

దారి కూడా కొంచెం మార్చమంటాను. అందరూ వెళ్లేది ఉల్లేరి మీదుగా ఘోరేపానీ, అక్కడి నుంచి తెల్లవారుజామున 3,210 మీటర్ల పూన్ హిల్ కొండ. ఉల్లేరికి మూడు వేలకు పైగా రాతి మెట్లున్నాయి. దానికి బదులు సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న గురుంగుల ఊరు ఘాండ్రుక్, లోయకు అవతల లాండ్రుక్ చాలనుకుంటే నాలుగు రోజుల్లో అయిపోతుంది. 7,219 మీటర్ల అన్నపూర్ణ సౌత్, పక్కన మచ్ఛపుచ్ఛ్రే శిఖరాలు ఘాండ్రుక్ నుంచే ఎదురుగా కనిపిస్తాయి. రెండు రోజులు తగ్గితే గైడ్, పోర్టర్లకూ బసకూ కలిపి కనీసం పది, పన్నెండు వేలు మిగులుతాయి. దీపావళి తర్వాత అనుకోవడం మంచి ఆలోచనే. దసరా రోజుల్లో అక్కడి వాళ్లకూ అదే పెద్ద పండగ, గైడ్లు ఊళ్లకు వెళ్లిపోతారు, బస్సులు కిక్కిరిసిపోతాయి. పండగలయ్యాక వెళ్తే రాగి కోతల రోజులు, ఇళ్ల ముందు చాపల మీద కంకులు ఆరబోసి ఉంటాయి.

కొండ లాడ్జీల లెక్క మనకు వింతగా ఉంటుంది. గది చవక, కానీ తిండి అక్కడే తినాలి, వాళ్లకు మిగిలేది దాని మీదే. పైకి ఎక్కే కొద్దీ టీ రేటు కూడా ఎక్కుతుంది. వేడినీళ్ల స్నానం, ఫోన్ చార్జింగ్ చాలాచోట్ల వేరే. దాల్‌భాత్ ఆర్డర్ చేస్తే అన్నం, పప్పు మళ్లీమళ్లీ వడ్డిస్తారు, అన్నం లేనిదే తిన్నట్టుండని మనకు అదే మేలు. 2024లో యూపీఐ నేపాల్‌కు వచ్చింది గానీ కొండ మీద దాన్ని నమ్ముకోకండి. పోఖరాలోనే నేపాలీ నోట్లు తీసుకుని జేబులో పెట్టుకోండి.

ఇక్కడి ట్రావెల్స్ ద్వారానే వెళ్తామంటే ఒక సంగతి. నేపాల్ అయినా విదేశీ ప్యాకేజీ కిందే వస్తుంది, టీసీఎస్ (డబ్బు కట్టేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు. ఎవరి పాన్ ఇస్తే వాళ్ల పన్ను ఖాతాలో కనిపిస్తుంది, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుకోవచ్చు లేదా రిఫండ్ తీసుకోవచ్చు. కాబట్టి మీ ఇద్దరిలో రిటర్న్ వేసేవాళ్ల పాన్ ఇవ్వండి.

ఆరోగ్య బీమా ఉందన్న ధీమాతో వెళ్లొద్దు, చాలా పాలసీలు దేశం దాటితే పనిచేయవు. ట్రావెల్ పాలసీ తీసుకునేటప్పుడు ట్రెకింగ్‌కు ఎన్ని మీటర్ల దాకా కవర్ ఉందో, హెలికాప్టర్‌లో దించితే ఆ ఖర్చు ఇస్తారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. మీవారి బీపీ సంగతి దాచకండి, దాస్తే క్లెయిమ్ తిరగ్గొడతారు. ఇంకొకటి, అవసరం లేకపోయినా హెలికాప్టర్ పిలిపించి బీమా డబ్బు లాగే మోసాల మీద 2018లో నేపాల్ ప్రభుత్వమే విచారణ జరిపింది. కొంచెం తలనొప్పి అనగానే ఎవరైనా హెలికాప్టర్ అంటే, ముందు బీమా కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఆ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి.

పాస్‌పోర్టు లేకపోతే కంగారు పడకండి, ఓటరు కార్డు ఒరిజినల్ సరిపోతుంది. అయితే దాని మీద పేరు, టికెట్ మీద పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. మీ కార్డులో ఇంకా పుట్టింటి పేరే ఉంటే ఈ నెలలోనే మార్పుకు అప్లై చేయండి, టికెట్లు కొనే నాటికి చేతికి వస్తుంది.