ఐ.ఓ. వచ్చేలోగా: లాయరు మేనకోడలికి ఒక ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన డిపోజిషన్ (సాక్షి కోర్టులో చెప్పింది రాసుకున్న కాగితం) కాపీ ప్రింటు తీయించుకుని, పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి, మధ్యాహ్నం పెన్సిలు పట్టుకుని ఇంకోసారి చదివాను. మొన్న ఫోన్‌లో నువ్వు ఏడ్చినంత ఘోరమేం జరగలేదు. అలాగని బాగుందనీ అనను. పి.డబ్ల్యు.2ని, అంటే ప్రాసిక్యూషన్ రెండో సాక్షిని, గంటంపావు బోనులో నిలబెట్టావు. కాగితం మీద ఎక్కింది రెండు పేజీలు. అందులో "నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు" అనే వాక్యం కాస్త కాస్త వేషం మార్చుకుని పదకొండుసార్లు ఉంది. లెక్కపెట్టాను.

సజెషన్, అంటే "నువ్వు అబద్ధం చెబుతున్నావు కదూ" అని మన మాట సాక్షి ముందు పెట్టడం, ఎందుకో తెలుసుగా? మన కేసేమిటో సాక్షి ముందు పెట్టడానికి, ఆమె చెప్పింది మనం ఒప్పుకోలేదని రికార్డులో ఉంచడానికి. ఆఖర్న రెండో మూడో చాలు. సాక్షి ఎటూ కాదంటుంది. కాదనడానికే సమన్లు తీసుకుని వచ్చింది. ప్రశ్న తోచనప్పుడల్లా సజెషన్ వేస్తే, మన చేతకానితనానికి నల్లకోటు తొడిగినట్టు ఉంటుంది. నా మొదటి మూడేళ్లూ నేను చేసిందీ అదే, కాబట్టి సిగ్గుపడకు.

ఇక అసలు సంగతి. ఈ సాక్షి విజయవాడలో కాలువ గట్టు మీద పూలమ్ముకునే ఆవిడ. మన ముద్దాయి పొడుస్తుంటే చూశానంటుంది. వెలుతురు ఎలా ఉందని అడిగితే "మసకమసగ్గా ఉందయ్యా" అని జడ్జి గారితో అందని నువ్వే చెప్పావు. కాగితం మీద చూడు: "దేర్ వాజ్ సమ్ లైట్" అని ఉంది. ఆవిడ చీకటి వైపు నుంచి చెప్పింది. రికార్డు వెలుగు వైపు నుంచి రాసుకుంది. రేపు వాదనల్లో పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ) గారు ఈ ఒక్క వాక్యం పట్టుకుని ఊగుతారు. అప్పుడు "ఆవిడ అలా అనలేదండీ" అని నువ్వు లేచినా ఎవరూ వినరు.

మన జిల్లా కోర్టుల్లో సాక్షి తెలుగులో చెబుతాడు, జడ్జి గారు ఇంగ్లీషు చేసి చెబుతారు, స్టెనో కొడతాడు. మూడు నోళ్లు మారితే మాట రంగు మారకుండా ఉంటుందా? ఎవరి తప్పూ కాదు. నువ్వు చేయాల్సింది ఒక్కటే. జవాబు రాగానే తర్వాతి ప్రశ్నకి ఎగబడకుండా జడ్జి గారు డిక్టేట్ చేసేది చివరిదాకా విను. మాట జారిందనిపిస్తే అక్కడికక్కడే లేచి, "యువర్ ఆనర్, సాక్షి 'మసకమసగ్గా' అన్నారు, ఆ మాట తెలుగులోనే బ్రాకెట్‌లో ఎక్కించమని ప్రార్థన" అను. నలభై ఏళ్లలో ఇలా అడిగితే కాదన్న జడ్జిలు నాకు ఇద్దరో ముగ్గురో తగిలి ఉంటారు. పొద్దుగూకే వేళ, కోడికూత వేళ, కూతవేటు దూరం, బారెడు కర్ర... వీటిలో ఏదీ ఇంగ్లీషులోకి సరిగా దిగదు. కూతవేటు దూరాన్ని "నియర్‌బై" అని రాస్తే మనిషిని అరిస్తే వినపడే చోటు నుంచి మొహం కనపడే చోటికి తెచ్చి నిలబెట్టినట్టే. బుర్రలో ఇంగ్లీషు వాక్యం తయారుచేసుకుని దాన్ని తెలుగు చేసి అడుగుతున్నావు, అదీ మానుకో. "ఘటన జరిగిన సమయంలో మీరు ఏ స్థితిలో ఉన్నారు" అంటే పూలావిడకేం తెలుస్తుంది? "అప్పుడు నువ్వు కూచున్నావా, నిలబడ్డావా అమ్మా?" అను. "నువ్వు" అన్నా పక్కన "అమ్మా" ఉండాలి. పెద్దావిడైతే "మీరు" అను.

ఇప్పుడు మంచి కబురు. రెండో పేజీ, కింద నుంచి నాలుగో వాక్యం. వీధి దీపం వెలుతురులో ముద్దాయిని గుర్తుపట్టానని పోలీసులకి చెప్పావా అని అడిగావు, "చెప్పాను" అంది. నువ్వు దాన్ని పట్టించుకోకుండా ఆవిడకీ ముద్దాయి తల్లికీ ఉన్న పాత తగువులోకి వెళ్లిపోయావు. నేను ఆవిడ 161 స్టేట్‌మెంటు, అంటే దర్యాప్తులో పోలీసులు రాసుకున్న వాంగ్మూలం, తీసి చదివాను. అందులో వీధి దీపం ఊసే లేదు. నీ క్రాస్ ఎగ్జామినేషన్ మొత్తంలో బంగారం లాంటి వాక్యం అదొక్కటే, అదీ నీకు తెలియకుండా పడింది. కానీ సగమే పడింది. మిగతా సగం ఐ.ఓ. (కేసు దర్యాప్తు చేసిన పోలీసు అధికారి) నోట్లోంచి రావాలి.

ఈ సగం సంగతి నాకు ఎలా తెలిసిందో చెబుతాను. ఎనభైల్లో ఒక హత్య కేసు. పి.డబ్ల్యు.1ని నేను చేసిన క్రాస్ గురించి బార్ రూంలో వారం రోజులు చెప్పుకున్నారు. నాలుగు ఒమిషన్లు (పోలీసు వాంగ్మూలంలో లేని సంగతులు), ఒక్కొక్కటీ సాక్షి చేత "పోలీసులకి అలాగే చెప్పాను" అనిపించాను. ఐ.ఓ. కోర్టుకొచ్చేసరికి ఏడాదిన్నర. ఈలోగా నా నోట్స్ ఏ కట్టలో కలిసిపోయాయో. ఆ రోజు రికవరీ (ముద్దాయి చెప్పాడని వస్తువు స్వాధీనం చేసుకోవడం) మీద, దానికి సాక్షులు సంతకం పెట్టిన మధ్యవర్తుల నివేదిక మీద గంట క్రాస్ చేశాను. "పి.డబ్ల్యు.1 ఈ సంగతి మీ దగ్గర చెప్పలేదు కదా" అనే ప్రశ్న ఒక్కటీ వేయలేదు. వాదనల్లో నా నాలుగు ఒమిషన్లూ గొప్పగా ఏకరువు పెడుతుంటే జడ్జి గారు కళ్లజోడు పైనుంచి చూసి, "ఐ.ఓ. ద్వారా ప్రూవ్ చేశారా?" అన్నారు. హాలంతా నిశ్శబ్దం. బంట్రోతుతో సహా. ఆ ముద్దాయి హైకోర్టులో వేరే కారణం మీద బయటపడ్డాడు కాబట్టి ఇవాళ నవ్వుతూ రాస్తున్నాను. ఆనాటి నుంచీ నా పద్ధతి ఒకటే. సాక్షి క్రాస్ అయిన రోజు సాయంత్రమే, కోటు విప్పకముందే, ఫైలు వెనక అట్టకి అంటించిన ఎర్ర కాగితం మీద ఐ.ఓ.ని అడగాల్సిన ప్రశ్నలు రాస్తాను. గుమాస్తాకి కూడా తెలుసు, ఆ కాగితం లేకుండా ఫైలు బీరువాలోకి పోకూడదని.

ఒమిషన్ కూడా కాంట్రడిక్షన్ (పాత మాటకీ కోర్టులో మాటకీ పొసగకపోవడం) అవుతుందా అన్నది ఒకప్పుడు పెద్ద వివాదం. దాన్ని 1959లో తహసీల్దార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. మెజారిటీ తీర్పు రాసింది ఎవరనుకున్నావు? కోకా సుబ్బారావు గారు. 1954లో ఆంధ్ర రాష్ట్ర హైకోర్టు మన గుంటూరులో పెట్టినప్పుడు మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే. 1956లో ఆ కోర్టు హైదరాబాదు వెళ్లిపోయింది. తర్వాత 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 162 సెక్షన్ కింద వివరణ చేర్చారు: వదిలేసిన సంగతి ముఖ్యమైనదీ సందర్భానికి సంబంధించినదీ అయితే కాంట్రడిక్షన్ కావచ్చు, అవునో కాదో ప్రతి కేసులోనూ వాస్తవాన్ని బట్టి తేలుతుంది. చొక్కా రంగు చెప్పలేదు, చెప్పు తెగింది చెప్పలేదు అని యాభై ఒమిషన్లు మార్క్ చేసే వాళ్లని చూస్తుంటావు. అవి ఊక. రాత్రి పూట గుర్తుపట్టిన దీపం గింజ.

పాత తీర్పులు హెడ్‌నోట్‌తో (పైన వేసే సారాంశంతో) సరిపెట్టకు, వాస్తవాలు చదువు. రికవరీ మీద దేశమంతా వల్లించే పులుకూరి కోటయ్య కేసు మన గుంటూరు సెషన్స్ కోర్టులో పుట్టిందే. పొద్దుగూకే వేళ పులిపాడు చెరువు మూల కాపు కాయడం, ఆయుధం గడ్డివామిలో దాచడం. మన పల్నాడు కక్షలు నడిచి లండన్‌లో అప్పటి ఆఖరి అప్పీళ్ల కోర్టు ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లాయి. 1947 రిపోర్టుల్లో ఉంది. పాత ఎవిడెన్స్ యాక్ట్ 27వ సెక్షన్ కింద దొరికిన వస్తువు ఒక్కటే కాదు, అది ఉన్న చోటు, ఆ చోటు ముద్దాయికి తెలుసన్న సంగతి కలిపితేనే 'ఫ్యాక్ట్' అని అక్కడ తేల్చారు. "దీంతోనే పొడిచాను" అన్న ముక్క చెల్లదు. అదే కేసులో, పోలీసు నోట్‌బుక్‌లోని వాంగ్మూలాల కాపీలు డిఫెన్సుకి సకాలంలో అందలేదన్న వాదన కూడా ఉంది. అది కూడా వదలకుండా చదువు. నీ పని సగం అక్కడే ఉంది.

మన వృత్తిలో చదువుకోమని మెడలు వంచేవాళ్లు లేరు. ఆలిండియా బార్ పరీక్ష ఒక్కసారి గట్టెక్కితే ఇక జన్మకి పరీక్ష లేదు. సీనియర్ దగ్గర ఏడాది శిక్షణ ఉండాలని బార్ కౌన్సిల్ 1995లో రూల్స్ తెచ్చింది. చట్టం ఆ అధికారం ఇవ్వలేదని 1999లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇన్నేళ్లకి ఇన్ని గంటలని క్లాసులకి వెళ్తేనే లైసెన్సు నిలుస్తుంది. ఇక్కడ నువ్వు చదివినా చదవకపోయినా వకాల్తా మీద సంతకం ఒకేలా పడుతుంది. కక్షిదారుకి తేడా తెలిసేది తీర్పు రోజునే.

నా సంగతే చూడు. నలభై ఏళ్లు నోట్లో నానిన హత్య సెక్షన్ 302 కాస్తా, కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చిన 2024 జూలై 1న 103 అయి కూర్చుంది. 420 పోయి 318(4) వచ్చాక ఇక మనుషుల్ని తిట్టడం కూడా కష్టమేనని మా బార్ రూంలో జోకు. ఈ వయసులో మళ్లీ కాపీ పుస్తకం కొని ఎడం పక్క పాతది, కుడి పక్క కొత్తది రాసుకున్నాను. 161 ఇప్పుడు 180, 162 ఇప్పుడు 181, సాక్షిని పాత స్టేట్‌మెంటుతో నిలదీసే ఎవిడెన్స్ యాక్ట్ 145 ఇప్పుడు సాక్ష్య అధినియంలో 148. నీకింకా చాలా ఏళ్లు రెండూ కావాలి. నీ కేసు 2023 నాటిది, జూలై 1 నాటికే కోర్టులో ఉంది, దానికి పాత కోడే. పక్క ఫైలు కొత్తది. కలిపేశావో, జడ్జి గారి ముందు మొహం చెల్లదు.

కొత్తవాటిలో ముఖ్యంగా రెండు చూసుకో. సోదా, స్వాధీనం వీడియో తీయాలని కొత్త ప్రొసీజర్ కోడ్ బి.ఎన్.ఎస్.ఎస్. 105 అంటోంది. మా కాలంలో మధ్యవర్తుల నివేదిక మీద జరిగిన యుద్ధమంతా ఇకమీదట ఆ వీడియో మీద జరుగుతుంది. రెండోది, ఫోన్లూ సీసీ టీవీ ఫుటేజీలూ. సాక్ష్య అధినియం 63 కింద సర్టిఫికెట్టుకి రెండు భాగాలు: ఒకటి దాఖలు చేసేవాళ్లు, రెండోది నిపుణుడు ఇవ్వాలి. హ్యాష్ వాల్యూ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) రాయాలి. అదేమిటో నాకు మా మనవడు చెబితే అర్థమైంది. నీకు నాకంటే బాగా తెలియాలి.

శనివారం సాయంత్రాలు మీ ఈడు జూనియర్లు నలుగురు కలవండి. ఒకరు సాక్షి, ఒకరు జడ్జి, ఒకరు పీపీ. ఏదైనా పాత కేసు స్టేట్‌మెంట్లు తీసుకుని పది నిమిషాల క్రాస్, ఫోన్‌లో రికార్డు చేసి మళ్లీ వినండి. మొదటిసారి నీ గొంతు విన్నాక అన్నం సహించదు. ఒక్కో ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిపి అడుగుతావని అప్పుడు తెలుస్తుంది. జడ్జి వేషం వేసినవాళ్లు జవాబులు ఇంగ్లీషులో రాయాలి. నువ్వు అనుకున్నదీ వాళ్లు రాసిందీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ సెమినారూ చేయని పని ఇది చేస్తుంది. సెమినార్లంటావా, దండలు పడేసరికే పదకొండున్నర అవుతుంది.

నీ వాయిదా లేని రోజు కూడా కోర్టు హాల్లో కూర్చో. సుప్రీంకోర్టు లైవ్ చూడు, తప్పులేదు, రాజ్యాంగ ధర్మాసనం వాదనలు 2022 నుంచి ఇస్తున్నారు. సుప్రీంకోర్టు వారి ఈ-ఎస్‌సీఆర్ సైటులో తీర్పులు ఉచితం. నేను ఏ.ఐ.ఆర్. తీర్పుల వాల్యూములు వాయిదాల మీద కొన్నాను. కానీ క్రాస్ అక్కడ దొరకదు. అది కింది కోర్టులోనే, ఫ్యాను కింద చెమటలు కక్కుతూ నేర్చుకోవాలి.

డాక్టర్ని క్రాస్ చేసే ముందు మాత్రం ఒక డాక్టర్‌తో మాట్లాడు. గాయం అంచులు సాఫీగా ఉన్నాయా, చిరిగినట్టు ఉన్నాయా అన్న తేడా పుస్తకంలో చదివితే ఒకటి, ఫొటో చూపించి చెబితే ఒకటి.

సివిల్ గురించి ఇంకో ఉత్తరం రాస్తాను. ఒక్క ముక్క: 2002 నుంచి చీఫ్ (సొంత వైపు నుంచి ఇచ్చే మొదటి సాక్ష్యం) అఫిడవిట్ మీదే కాబట్టి, ప్రోనోటు దావాల్లో సాక్షికి తన అఫిడవిట్‌లో ఏముందో చాలాసార్లు తెలియదు. మొదటి ప్రశ్న అక్కడ్నుంచే వెయ్యి. మీ వైపు సాక్షికి మాత్రం తెలుగులో చదివి వినిపించకుండా సంతకం పెట్టించకు.

పి.డబ్ల్యు.2ని మళ్లీ పిలిపిద్దామా, అందుకు 311 పిటిషన్ వేద్దామా అని అడిగావు. వద్దు. మనం అడగడం మర్చిపోయాం అన్నది కారణం కాదు. పైగా రెండోసారి వచ్చే సాక్షి పాఠం ఒప్పజెప్పుకుని వస్తుంది. ఆ వీధి దీపం ఈసారి స్తంభంతో సహా వస్తుంది. మనకి ఐ.ఓ. చాలు.

ఆయన వచ్చేలోగా నువ్వొకసారి ఆ గట్టు మీదికి వెళ్లిరా. ఛార్జిషీటు ప్రకారం నవంబరు నెలాఖరు, సాయంత్రం ఆరుంపావు. ఆ రోజుల్లో విజయవాడలో ఐదున్నర దాటగానే పొద్దు గూకుతుంది. ఇప్పుడు ఆరుంపావుకి వెళ్తే వెలుగు కనపడి మోసపోతావు, కాబట్టి పొద్దు గూకిన ముప్పావు గంటకి అక్కడ ఉండు. తోడు లేకుండా వెళ్లకు. పూలబుట్ట పెట్టుకునే చోట నిలబడి, పొడిచిన చోట నీ తమ్ముడిని నిలబెట్టి చూడు. స్తంభం ఎక్కడుంది, పోలీసులు గీసిన రఫ్ స్కెచ్‌లో గుర్తుపెట్టారా, రాసుకో. స్కెచ్‌లో స్తంభం లేకపోతే ఐ.ఓ. చేత "లేదు" అనిపించి ఆపు. ఎందుకు వేయలేదని అడగకు, ఆయన చెప్పేస్తాడు.

ప్రశ్నలు రాసి శుక్రవారం రాత్రికల్లా పంపు. ఇంగ్లీషులో రాయకు.

మామయ్య